కెనడా ఇన్విటేషన్ రౌండ్ల పట్టిక – చదివే పద్ధతి



ఈసారి స్కాలర్‌షిప్ దరఖాస్తులు పరిశీలిస్తున్న రోజున ఒక తండ్రిగారు నన్ను పక్కకు పిలిచి, జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశారు. దాని మీద వరుసగా నాలుగు అంకెలు, పక్కన కిందికి చూపించే బాణం గుర్తు ఉన్నాయి. "కెనడా కటాఫ్ దిగుతోందటండి. ఇంకో రెండు రౌండ్లలో మావాడి స్కోరుకి వచ్చేస్తుందని ఆఫీసువాళ్లు చెప్పారు. ఉద్యోగం మానేసి సిద్ధంగా ఉండమంటున్నారు. మీరు బ్యాంకులో చేశారు కదా, కాస్త లెక్క చూసి చెప్పండి" అన్నారు.

నేను వీసాల నిపుణుణ్ణి కాను. బీకాం చదివి, ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకు కౌంటరు వెనక గడిపి రిటైరయినవాణ్ణి. అయితే అచ్చం అలాంటి కాగితమే 2020 డిసెంబరులో మా ఇంట్లోనే చూశాను. అందుకని ఆయనకు నోటిమాటగా చెప్పినదంతా వివరంగా రాస్తే పదిమందికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మా ఇంటి సంగతి చెబుతాను. మా తమ్ముడి కొడుకు ఎంటెక్ చదివి హైదరాబాదులో ఉద్యోగం చేస్తుండేవాడు. కెనడా వెళ్లాలని పట్టుదల. 2020 నవంబరులో ప్రొఫైల్ పెట్టాడు. స్కోరు 464 వచ్చింది. అప్పుడు రౌండ్లు ఇలా నడుస్తున్నాయి: నవంబరు 5న 478, నవంబరు 18న 472, నవంబరు 25న 469, డిసెంబరు 9న 469, డిసెంబరు 23న 468. "చూడు పెదనాన్నా, ఎలా దిగుతోందో. సంక్రాంతి అయ్యేసరికి నా వంతు వచ్చేస్తుంది" అన్నాడు. ఫీజు తీసుకున్న ఆఫీసువాళ్లూ ఆ మాటే చెప్పారు. వాడు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. తమ్ముడు మరదలి గాజులు బ్యాంకులో పెట్టి డబ్బు సిద్ధం చేశాడు. నేను కూడా ఆ అంకెల వరుస చూసి తల ఊపాను. ఆ మాట ఒప్పుకోవాలి. లెక్కల మనిషినని పేరు, అడగవలసిన ప్రశ్న మాత్రం అడగలేదు.

డిసెంబరు 23 తర్వాత మావాడిలాంటివారికి రౌండే రాలేదు. కోవిడ్ రోజుల్లో కెనడావాళ్లు బయటి దేశాలలో ఉన్నవారిని పిలవటం ఆపి, అప్పటికే అక్కడ ఉన్నవారినీ, రాష్ట్రాలు నామినేట్ చేసినవారినీ మాత్రమే పిలిచారు. అందరికీ కలిపి మళ్లీ రౌండు వచ్చింది 2022 జులై 6న. ఏడాదిన్నర గడిచిపోయింది. ఆ రోజు కటాఫ్ 557. మావాడి స్కోరు అప్పటికి 458కి దిగిపోయింది, ఎందుకంటే వాడికి వయసు పెరిగింది.

ఇక విధానం దగ్గరకు వద్దాం. కెనడా 2015 జనవరి నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే పద్ధతి నడుపుతోంది. అర్హత ఉన్నవారు ఆన్‌లైన్‌లో ప్రొఫైల్ పెడతారు. దీనికి ప్రభుత్వ ఫీజు ఏమీ లేదు, ఈ మాట తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. వయసు, చదువు, భాష, అనుభవం వగైరాలకు పాయింట్లు వేసి, 1,200కి ఒక స్కోరు ఇస్తారు. దానిని సీఆర్ఎస్ స్కోరు అంటారు. ప్రొఫైల్ పెట్టినవారందరూ ఒక పూల్‌లో ఉంటారు. ఫలానా రోజున ఇంతమందిని పిలుస్తామని నిర్ణయించుకుని, పైనుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు. ఆఖరున పిలిచిన మనిషికి ఎంత స్కోరు ఉందో అదే ఆ రోజు కటాఫ్. పిలుపు వచ్చినవారు 60 రోజుల్లోగా పూర్తి దరఖాస్తు దాఖలు చేయాలి.

మన పిల్లలకు ఇది కొత్త విషయం కాదు. ఎంసెట్ క్లోజింగ్ ర్యాంకు ఎలా వస్తుందో, సెంటాక్‌లో యానాం కోటా ఆఖరి సీటు ఎవరికి వస్తుందో అందరికీ తెలుసు. క్లోజింగ్ ర్యాంకును ఎవరూ ముందుగా నిర్ణయించరు. సీట్లు ఎన్ని, రాసినవాళ్లు ఎవరు అన్నదాన్ని బట్టి అది తేలుతుంది. కటాఫ్ కూడా అంతే. పరీక్షలో పాస్ మార్కు 35 అన్నట్లు ముందే పెట్టిన గీత కాదది. కాబట్టి "కటాఫ్ దిగుతోంది" అన్నప్పుడు వెంటనే "ఎందుకు దిగుతోంది?" అని అడగాలి. నేను 2020లో అడగని ప్రశ్న అదే.

కెనడా ప్రభుత్వ ఇమ్మిగ్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో రౌండ్ల పట్టిక ఉంటుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. తేదీ, ఏ కార్యక్రమానికి రౌండు, ఎంతమందిని పిలిచారు, ఆఖరి స్కోరు, సమాన స్కోరు వచ్చినవారిలో ఏ తేదీ ఏ సమయానికి ముందు ప్రొఫైల్ పెట్టినవారిని తీసుకున్నారు అనే వివరాలు అందులో ఉంటాయి. దానితోపాటే, ఆ సమయానికి పూల్‌లో ఏ స్కోరు మధ్య ఎంతమంది ఉన్నారో తెలిపే మరో పట్టిక కూడా ఇస్తారు. మన ఊళ్లో, కాకినాడలో చేతులు మారుతున్న కాగితాలలో ఆఖరి స్కోరు ఒక్కటే ఉంటుంది. మిగతా గడులు కోసేసి ఇస్తారు. పాస్‌బుక్కులో జమలూ ఖర్చులూ చెరిపేసి నిల్వ ఒక్కటే చూపిస్తే ఆ ఖాతా గురించి మనకేం తెలుస్తుంది?

అన్నిటికంటే ముందు చూడవలసింది ఏ కార్యక్రమానికి రౌండు అన్న గడి. 2021 ఫిబ్రవరి 13న 27,332 మందిని పిలిచారు. కటాఫ్ 75. అవును, డెబ్భై అయిదే. ఆ వారమంతా మా తమ్ముడి ఇంట్లో పండగ వాతావరణం. 464 ఉన్నవాడికి 75 ఒక లెక్కా అనుకున్నారు. తీరా చూస్తే అది అప్పటికే కెనడాలో కనీసం ఏడాది పనిచేసిన అనుభవం ఉన్నవారికి మాత్రమే పెట్టిన రౌండు. మావాడు ఆ వరుసలోనే లేడు. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. కొన్ని రౌండ్లలో కటాఫ్ 700, 800 కనిపిస్తుంది. అది చూసి తల్లిదండ్రులు బెంబేలు పడతారు. రాష్ట్రం నామినేట్ చేసినవారికి అదనంగా 600 పాయింట్లు కలుస్తాయి కనుక ఆ అంకె అలా కనిపిస్తుంది. అందులోంచి 600 తీసేసి చూస్తే వారి అసలు స్కోరు మామూలుగానే ఉంటుంది.

తర్వాత, ఎంతమందిని పిలిచారు, ముందు రౌండుకీ దీనికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి అన్నవి చూడాలి. 2022లో రౌండ్లు మళ్లీ మొదలైనప్పటి లెక్క చూడండి. నేను నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను.

జులై 6 – 1,500 మంది – 557
జులై 20 – 1,750 మంది – 542
ఆగస్టు 3 – 2,000 మంది – 533
ఆగస్టు 17 – 2,250 మంది – 525
ఆగస్టు 31 – 2,750 మంది – 516
సెప్టెంబరు 14 – 3,250 మంది – 510
సెప్టెంబరు 28 – 3,750 మంది – 504
అక్టోబరు 12 – 4,250 మంది – 500
అక్టోబరు 26 – 4,750 మంది – 496
నవంబరు 9 – 4,750 మంది – 494
నవంబరు 23 – 4,750 మంది – 491

ఆఖరి గడి ఒక్కటే చూస్తే మెట్లు దిగినట్టు దిగుతోంది. స్కేలు పెట్టి గీత గీస్తే జనవరికల్లా 485 అనిపిస్తుంది. కానీ మధ్య గడి కూడా చూడండి. పిలిచేవారి సంఖ్య మూడింతలు దాటింది, అందుకే దిగింది. సంఖ్య 4,750 దగ్గర ఆగిపోగానే దిగటం కూడా నెమ్మదించింది, రౌండుకు రెండు మూడు పాయింట్లే. ఆ తర్వాత రౌండు 2023 జనవరి 11న, అంటే సరిగ్గా ఏడు వారాలకు వచ్చింది. ఈసారి 5,500 మందిని పిలిచారు, ముందుకంటే ఎక్కువే. అయినా కటాఫ్ 507కి ఎగబాకింది!

బ్యాంకులో పనిచేసినవాడికి ఇందులో వింత కనిపించదు. మూడు రోజులు వరుసగా సెలవులొచ్చి సోమవారం తలుపులు తీస్తే, రోజూ ఇచ్చేదానికంటే ఎక్కువ టోకెన్లు ఇచ్చినా క్యూ గేటు దాటి రోడ్డు మీదకు వస్తుంది. ఆ ఏడు వారాల్లో మంచి స్కోర్లున్న కొత్తవాళ్లు వచ్చి పైన నిలబడ్డారు. వారం తిరక్కుండా, జనవరి 18న మరో 5,500 మందిని పిలిచేసరికి కటాఫ్ 490కి వచ్చింది. సెలవు తర్వాత రెండో రోజన్నమాట.

ఈ క్యూ ఎంత వేగంగా కదులుతోందో మనమే లెక్కకట్టుకోవచ్చు. లెడ్జర్ రాసినవారందరికీ తెలిసిన సూత్రమే: ప్రారంభ నిల్వకు జమ కలిపి, ఖర్చు తీసేస్తే ముగింపు నిల్వ. ఇందులో మూడు తెలిస్తే నాలుగోది వస్తుంది. ఊహ కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మీ అబ్బాయి స్కోరు 500. పూల్ పట్టికలో 501కి పైన 24,000 మంది ఉన్నారు. రెండు వారాలకోసారి 3,000 మందిని పిలుస్తున్నారు. ఎనిమిది రౌండ్లు, నాలుగు నెలలు అని నోటిలెక్క వేసేస్తాం. ఇప్పుడు రెండు వారాలు ఆగి పట్టిక మళ్లీ చూడండి. 3,000 మందిని పిలిచాక 21,000 ఉండాలి. కానీ 23,000 ఉన్నారు. అంటే ఈ రెండు వారాల్లో కొత్తగా 2,000 మంది వచ్చి చేరారు. కనుక క్యూ నికరంగా తగ్గేది రౌండుకు వెయ్యి మంది మాత్రమే. ఎనిమిది రౌండ్లు కాస్తా ఇరవై నాలుగు రౌండ్లయ్యాయి. దాదాపు పదకొండు నెలలు. ఈలోగా అబ్బాయికి పుట్టినరోజు వస్తుంది, స్కోరు 500 నుంచి 495కో 494కో జారుతుంది, అతని కంటే ముందు నిలబడేవారి సంఖ్య మళ్లీ పెరుగుతుంది.

నిజం పట్టికలో ఇంత శుభ్రంగా లెక్క తేలదు. కొందరి ప్రొఫైళ్లకు ఏడాది గడువు తీరిపోతుంది, కొందరికి వేరే వర్గం రౌండులో పిలుపు వస్తుంది. అయినా రెండు మూడు నెలలు వరుసగా రాసుకుంటే నికరం ప్లస్సో మైనస్సో తెలిసిపోతుంది. ప్లస్ అయితే, అంటే క్యూ పెరుగుతూ ఉంటే, ఎదురుచూస్తూ కూర్చున్నంత మాత్రాన ఆ స్కోరుకి పిలుపు రాదు. స్కోరన్నా పెరగాలి, వరుసన్నా మారాలి.

వయసు సంగతి ఇప్పుడే చెప్పుకుందాం. పెళ్లికాని అభ్యర్థికి 20 నుంచి 29 ఏళ్ల వరకు వయసుకు 110 పాయింట్లు. 30 నిండగానే 105, 31కి 99, 32కి 94, 33కి 88. ఇలా ఏటా అయిదో ఆరో పోతుంటాయి. 40 దగ్గర 50, అక్కడి నుంచి ఏటా 11 చొప్పున పడిపోయి 45కి సున్నా. మావాడికి 2020 అక్టోబరులో 30 నిండాయి. నెల ముందైతే 469 ఉండేది. కటాఫ్ దిగుతుంటే వాడి స్కోరూ దిగుతూనే ఉంది. 2023 మార్చి 29న కటాఫ్ 481కి వచ్చింది, మావాడు అప్పటికి 453 దగ్గర ఉన్నాడు. 478కీ 464కీ మధ్య 14 పాయింట్ల దూరంతో మొదలైన వ్యవహారం, రెండేళ్లు పైగా ఎదురుచూశాక 28 పాయింట్ల దూరమైంది. ఆపైన ఐఎల్టీఎస్ ఫలితం రెండేళ్లే చెల్లుతుంది, అదీ 2022లో తీరిపోయి మళ్లీ రాయవలసి వచ్చింది. చదువు మూల్యాంకనం నివేదికకు అయిదేళ్ల గడువు. ఇవన్నీ ఫిక్సెడ్ డిపాజిట్ల మెచ్యూరిటీ తేదీల్లాంటివి. ఒక కాగితం మీద వరుసగా రాసి బీరువా తలుపుకి లోపలివైపు అంటించుకోండి.

అయితే ఇప్పుడు చదువుతున్న పిల్లలు కంగారు పడనక్కరలేదు. బయటి దేశం నుంచి దరఖాస్తు చేయాలంటే కనీసం ఏడాది నైపుణ్యమున్న ఉద్యోగ అనుభవం కావాలి. కాలేజీ నుంచి నేరుగా వెళ్లేది కాదు. 22 ఏళ్లకు డిగ్రీ అయితే 30 నిండేవరకు వయసు పాయింట్లు పూర్తిగా ఉంటాయి. ఆ ఎనిమిదేళ్లలో ఏది ఎప్పుడు సంపాదించుకోవాలో ఆలోచించుకోవటానికే ఈ పట్టికలు పనికొస్తాయి.

స్కోరు పెంచుకోవటంలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇంగ్లీషు. ఒక లెక్క చూడండి. మాస్టర్స్ డిగ్రీ, మూడేళ్లు దాటిన అనుభవం, పెళ్లికాలేదు, వయసు 29. ఐఎల్టీఎస్‌లో వినటం 8, చదవటం 7, రాయటం 7, మాట్లాడటం 7 వస్తే వయసు 110, చదువు 135, భాష 124, చదువూ భాషా కలిసినందుకు 50, అనుభవమూ భాషా కలిసినందుకు 50, మొత్తం 469. అదే మనిషికి మిగతా మూడూ అలాగే ఉండి, రాయటంలో మాత్రం 7 బదులు 6.5 వచ్చిందనుకోండి. భాషలో 8 పోతాయి. నాలుగు విభాగాలూ ఆ స్థాయికి చేరితేనే ఆ కలయిక పాయింట్లు పూర్తిగా ఇస్తారు కనుక అక్కడ మరో 50 పోతాయి. స్కోరు 411. అర బ్యాండుకి 58 పాయింట్లు! వయసు రీత్యా పోగొట్టుకోవాలంటే అన్ని పాయింట్లకు పదేళ్లకు పైగా పడుతుంది. మన తెలుగు పిల్లలు మాట్లాడటం, వినటం బాగానే నెట్టుకొస్తారు, రాయటం దగ్గరే 6.5 వద్ద ఆగిపోతుంటారు. ఆఫీసులకు కట్టే డబ్బులో పదోవంతు రాత సాధనకు పెడితే ఎక్కువ ఫలితం ఉంటుందని నా అభిప్రాయం.

ఇప్పుడు యానాంవారికి ప్రత్యేకించి చెప్పవలసిన మాట ఒకటి ఉంది. 2023 జూన్ నుంచి కెనడావాళ్లు వర్గాల వారీగా కూడా రౌండ్లు పెడుతున్నారు. వైద్యసేవలు, సాంకేతిక వృత్తులు, చేతిపనులు వగైరా. ఈ వర్గాల జాబితా మారుతూ ఉంటుంది. 2025లో రవాణా వర్గం తీసేసి విద్యారంగం చేర్చారు. వర్గం జాబితాలో ఉండటం వేరు, ఆ వర్గానికి రౌండు రావటం వేరు, అందుకని అక్కడా పట్టిక చూడవలసిందే. వాటిలో ఒకటి ఫ్రెంచి భాష వచ్చినవారి వర్గం. 2025 అక్టోబరు 28న కెనడా అనుభవం ఉన్నవారికి రౌండు పెడితే 1,000 మందికి పిలుపు, కటాఫ్ 533. మరునాడు, అక్టోబరు 29న, ఫ్రెంచి వర్గంలో 6,000 మందికి పిలుపు, కటాఫ్ 416. ఒక్క రోజు తేడాలో 117 పాయింట్లు!

మా నాన్నగారి పుట్టుక నమోదు కాగితం ఫ్రెంచిలో ఉండేది. 1954 వరకు ఈ ఊరి కచేరీ భాష అదే కదా. మా తరం వచ్చేసరికి ఇంగ్లీషుకే అన్నం పెడుతుందని ఫ్రెంచి వదిలేశాం. పెద్దవాళ్లు పోయాక వాళ్ల కాగితాలు చదివేవారు కూడా ఇంట్లో లేరు. ఆ భాష మళ్లీ ఈ దారిలో ఎదురవుతుందని ఎవరనుకున్నారు?

కానీ ఇక్కడా ఒక్క అంకె చూసి మోసపోకూడదు. ఫ్రెంచి వర్గంలో కటాఫ్ 2024 ఫిబ్రవరి 29న 336, 2025 ఫిబ్రవరి 19న 428, మార్చి 21న 379, ఆగస్టు 8న 481. ఆగస్టులో 2,500 మందినే పిలిచారు, మార్చిలో 7,500 మందిని పిలిచారు. మళ్లీ అదే సూత్రం. రెండోది, నాలుగు ఫ్రెంచి పదాలు వస్తే చాలదు. వినటం, మాట్లాడటం, చదవటం, రాయటం నాలుగింటిలోనూ కెనడావారి కొలమానంలో 7వ స్థాయి రావాలి, టెఫ్ కెనడా లేదా టీసీఎఫ్ కెనడా పరీక్ష రాయాలి. ఉద్యోగం చేసుకుంటూ చదివితే ఏడాదిన్నర, రెండేళ్లు పట్టే పని. అయితే ఇంగ్లీషుతోపాటు ఆ స్థాయి ఫ్రెంచి వస్తే వర్గంతో సంబంధం లేకుండానే స్కోరుకు 50 పాయింట్లు అదనంగా కలుస్తాయి, రెండో భాష పాయింట్లు వేరే. డిగ్రీ మొదటి ఏడాదిలో ఉన్నవారు మొదలుపెడితే చాలినంత సమయం ఉంది. పుదుచ్చేరిలోనూ హైదరాబాదులోనూ అలయాన్స్ ఫ్రాన్సేజ్ ఉంది, వివరాలు వారినే అడగండి.

ఆస్ట్రేలియా గురించి కూడా కొందరు అడిగారు కనుక క్లుప్తంగా చెబుతాను. అక్కడ 2012 జులై నుంచి స్కిల్‌సెలెక్ట్ అనే పద్ధతి నడుస్తోంది. 65 పాయింట్లు ఉంటే వరుసలో నిలబడే అర్హత వస్తుంది, పిలుపు వస్తుందని కాదు. అక్కడి పట్టికలో వృత్తి గడి ముఖ్యం, అకౌంటెంటుకి ఒక కటాఫ్, నర్సుకి ఒక కటాఫ్ ఉంటుంది. రౌండ్ల మధ్య నెలల తరబడి విరామం ఉండవచ్చు, సంఖ్యలు కూడా విపరీతంగా మారతాయి. 189 వీసాకి 2022 డిసెంబరు రౌండులో 35,000 మందిని పిలిస్తే, 2024 జూన్ 13న 5,292 మందినే పిలిచారు. వయసు పాయింట్లు ఏటా తగ్గవు, 33 నిండినప్పుడు 30 నుంచి 25కి, 40 నిండినప్పుడు 15కి పడతాయి. ఇంకొకటి, మన తెలుగుకి అక్కడ 5 పాయింట్లు ఉన్నాయి. సీసీఎల్ అనే పరీక్షలో తెలుగు నుంచి ఇంగ్లీషుకీ, ఇంగ్లీషు నుంచి తెలుగుకీ మాటలు మార్చి చెప్పాలి. మొత్తం 90 మార్కులకు 63 రావాలి. ఇంట్లో తెలుగు మాట్లాడనివ్వకుండా పెంచిన పిల్లలు ఈ 5 పాయింట్ల కోసం కోచింగుకు వెళుతున్నారని విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తల్లిదండ్రులకు బ్యాంకు తరఫు మనిషిగా ఒక మాట. కెనడాకు ఇక్కడి నుంచి వెళ్లేవారు అక్కడ కుదురుకునేందుకు డబ్బు చూపించాలి. 2025 జులైలో ప్రకటించిన ప్రకారం ఒక్క మనిషికి 15,263 కెనడా డాలర్లు, కుటుంబం పెరిగితే ఎక్కువ, ఏటా మారుతుంది. బ్యాంకు ఇచ్చే లేఖలో ఇప్పటి నిల్వతోపాటు గత ఆరు నెలల సగటు నిల్వ, ఉన్న అప్పులు కూడా రాయాలి. ఈ డబ్బు ఎవరి దగ్గరా అప్పు తెచ్చినదై ఉండకూడదు. పిలుపు వచ్చాక నగలు కుదువపెట్టి అబ్బాయి ఖాతాలో వేసి, వారం రోజుల్లో లేఖ ఇమ్మని మేనేజరు మీద కోపం చేసుకున్నవారిని నేను కౌంటర్లో చూశాను. మేనేజరు లేని సగటు రాయలేడు కదా. రౌండ్ల లెక్క చూసుకునేటప్పుడే ఈ ఆరు నెలల లెక్క కూడా చూసుకోండి. మా తమ్ముడు ఆ రోజు గాజులు పెట్టి తెచ్చిన డబ్బు ఎలాగూ పనికొచ్చేది కాదని నాకు తర్వాత తెలిసింది. వడ్డీ మాత్రం కట్టాడు.

పిలుపు ఇప్పిస్తామని చెప్పేవారి గురించి ఎక్కువ రాయనక్కరలేదు. స్కోరు క్రమంలో పైనుంచి పిలుస్తారు, మధ్యలో ఎవరి సిఫారసూ నడవదు. డబ్బు తీసుకుని కెనడా దరఖాస్తులు చూసేవారికి అక్కడి లైసెన్సు ఉండాలి. ఆ నంబరు అడిగి, కన్సల్టెంట్లను నియంత్రించే కాలేజ్ వెబ్‌సైట్‌లో పేరు ఉందో లేదో చూసుకోవచ్చు.

మావాడి సంగతి అడుగుతారేమో. 2021 ఆగస్టులో మళ్లీ ఉద్యోగంలో చేరాడు, పాత జీతం కంటే తక్కువకే. పెళ్లయింది. పెళ్లయితే లెక్క వేసే పద్ధతి మారుతుంది, కోడలి చదువు, ఇంగ్లీషు కూడా కలుస్తాయి. 2024లో ఫ్రెంచి మొదలుపెట్టాడు. రాత్రి పది దాటాక ఫోన్ చేస్తే వెనకాల ఏవో ఫ్రెంచి సంభాషణలు వినిపిస్తుంటాయి. ఒకసారి పరీక్ష రాశాడు, వినటంలో తక్కువ వచ్చింది. మళ్లీ రాస్తానంటున్నాడు. ఈసారి మాత్రం ఉద్యోగం మానలేదు, రౌండ్ల పట్టిక నెలనెలా తానే రాసుకుంటున్నాడు.

కాగితం తెచ్చిన తండ్రిగారితో కూర్చుని ఆ నాలుగు అంకెల పక్కన తేదీలు, పిలిచినవారి సంఖ్య, కార్యక్రమం పేరు రాయించాను. నాలుగింటిలో రెండు ఆయన అబ్బాయికి వర్తించని రౌండ్లు. మిగిలిన రెండింటి మధ్య అబ్బాయి స్కోరుకి పైన ఉన్నవారి సంఖ్య తగ్గలేదు, పెరిగింది. అబ్బాయికి 27 ఏళ్లు, రాయటంలో 6.5. "అయితే ఉద్యోగం మానొద్దంటారు" అన్నారు. మానొద్దు, పరీక్ష మళ్లీ రాయించండి అన్నాను.

ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు వరకు నేను ట్రస్టు గదిలో ఉంటాను. ఈ లెక్క వేసుకోవాలనుకునేవారు పుట్టినతేదీ, మార్కుల జాబితాలు, ఐఎల్టీఎస్ ఫలితం ఉంటే దాని నకలు, ఒక రూళ్ల నోట్‌బుక్ తెచ్చుకోండి. పట్టిక నేను రాసిపెట్టను, విద్యార్థే రాయాలి. తప్పులుంటే దిద్దుతాను.